సికిందరాబాదు పేటలు - చదువుల తారతమ్యము

సికిందరాబాదు చూడవచ్చిన చుట్టములు గడియారపు స్తంభమును, ఉజ్జయినీ మహంకాళి ఆలయమును, హుస్సేనుసాగరపు కట్టను చూచి, జనరలు బజారులో నాలుగు చీరలు బేరమాడి, మరల రైలెక్కి పోవుదురు. ఊరిని తెలిసికొనుటకు వేఱొక త్రోవయు కలదు. ఏ పేటలో ఎందఱికి చదువు వచ్చును, వారికెట్లు వచ్చినది, రానివారికేల రాలేదు అని విచారించుచు వీధులవెంట నడచుటయే ఆ త్రోవ. మా యింటివారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. ఏటేట జూను మాసమున బడులు తెఱచునపుడు ఉపాధ్యాయులు ఇల్లిల్లు తిరిగి పిల్లలను చేర్పించు ‘బడిబాట’ యను కార్యక్రమము జరుగుచుండును. పురుషులడిగినపుడు ‘అవును, కాదు’ అని ముగించు తల్లులు ఆడువారడిగినచో కూర్చుండి మాటాడుదురు. అందుచేత మేమును వెంట పోవుచుందుము. అట్లు తిరిగి చూచిన పేటల సంగతులే యీ వ్యాసమున సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ముందుగా ఊరి పుట్టుక కొంత తెలియవలెను. 1798లో నైజామునకును ఇంగ్లీషు కంపెనీకిని జరిగిన సంధివలన కంపెనీ సైన్యము హుస్సేనుసాగరమునకు ఉత్తరమున దిగినది. ఆ దండు చుట్టును పెరిగిన ఊరికి 1806లో మూడవ ఆసఫ్ జా యగు సికందర్ జా పేరు పెట్టబడినది. దండువెంట మద్రాసు ప్రాంతమునుండి తమిళులు, తెలుగువారు, వర్తకమునకై పార్సీలు, మార్వాడీలు, గుజరాతీలు వచ్చి చేరిరి. నూఱేండ్లకు పైగా ఈ యూరు ఇంగ్లీషువారి పాలనలో నుండుటచేత ఇచ్చట మద్రాసు మర్యాదల చదువు ముందుగా వేరూనినది. చెఱువునకు ఆవలి హైదరాబాదులో రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే సాగినది. కావున ఒకే చెఱువునకు ఇరుగట్లనుండు పిల్లలు రెండు వేఱు వేఱు విద్యాలోకములలో పెరిగిరి.

ఆ కాలపు గుర్తులు నేటికిని మన కన్నుల యెదుట నున్నవి. మహబూబు కళాశాల 1862లో పుట్టినది. సోమసుందర మొదలియారుగారు దాని స్థాపకులు. 1893 ఫిబ్రవరిలో వివేకానందస్వామి పశ్చిమదేశములకు తామేల పోవుచున్నారో ఉపన్యసించినది ఈ కళాశాలలోనే. బాలికలకై సెయింట్ ఆన్స్ పాఠశాల 1871లో వెలసినది. తెలుగు చదువరులకై ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము 1905లో ఏర్పడినది. చెఱువునకావల తెలుగు బాలికలకు తెలుగులో ఉన్నతవిద్య నేర్పు పాఠశాల మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దల పూనికవలన 1928లో గాని రాలేదు. ఇట్లు చూడగా విద్యావిషయమున సికిందరాబాదు మొదటినుండియు భాగ్యవంతురాలు. ఇన్ని బడులున్న యూరిలో చదువురాని పేటలేల మిగిలినవను ప్రశ్నయే మమ్ము కదిలించినది.

ప్రభుత్వపు లెక్కలు చూచినచో మనస్సు సంతోషించును. ఏడేండ్లు దాటి, ఏదో యొక భాషలో తెలిసి చదువను వ్రాయను వచ్చినవారిని జనాభా లెక్కలవారు అక్షరాస్యులందురు. 1951లో భారతదేశమున స్త్రీలలో అట్టివారు నూటికి తొమ్మండుగురైనను లేరు. 2011 నాటి లెక్కలలో, సికిందరాబాదు చేరియున్న హైదరాబాదు జిల్లాలో నూటికి 83 మంది అక్షరాస్యులు. పురుషులలో ఇంచుమించు 87, స్త్రీలలో 79. తెలంగాణ మొత్తమునకు ఈ సంఖ్య 66 మాత్రమే. అయినను స్త్రీలలో ప్రతి యైదుగురకు ఒకతె చదువురానిదే యని యీ లెక్కయే చెప్పుచున్నది. మఱియు, సగటు అనునది విందులో లడ్డూల లెక్కవంటిది. ఒకరి విస్తరిలో నాలుగు పడి, ప్రక్కవారి విస్తరిలో ఒకటియు పడకున్నను, తలకు రెండేసి వడ్డించితిమని వ్రాసికొనవచ్చును. ఎవరి విస్తరి ఖాళీగా నున్నదో తెలియవలెనన్నచో పంక్తివెంట నడచి చూడవలసినదే.

రైలు స్టేషనునకు ఉత్తరమున మారేడుపల్లి. తూర్పు మారేడుపల్లి వీధులలో వేపచెట్ల నీడలు, ప్రహరీలు, పాతకాలపు పెంకుటిండ్లు కొన్ని యింకను మిగిలియున్నవి. విశ్రాంతి పొందిన అధికారులు, వైద్యులు, ఆచార్యులు, న్యాయవాదులు ఇచ్చట కాపురముందురు. మేము చూచిన యొక యింట అమ్మమ్మ పట్టభద్రురాలు, తల్లి ఇంజినీరు, మనుమరాలు ఆఱవ తరగతి. ఆ పిల్ల బడినుండి వచ్చి లెక్క తప్పు చేసినచో దిద్దుటకు మూడు తరములవారు మువ్వురు సిద్ధము. ఆ యింట పుస్తకముల బీరువా దేవుని గదికి ఎదురుగా నున్నది. ఆ పిల్ల తెలివిగలదే, సందేహము లేదు. కాని తెలివికి ముందే ఆమెకు దొరికినది ఆ బీరువా.

అచ్చటనుండి తూర్పుగా లాలాగూడ, మెట్టుగూడ. ఇవి రైల్వేవారి పేటలు. 1874లో వాడి నుండి సికిందరాబాదునకు రైలు వచ్చినది. తరువాత 1893లో లాలాగూడలో బండ్లను బాగుచేయు కార్ఖానా వెలసినది. 1966లో దక్షిణ మధ్య రైల్వేకు ఈ యూరే ముఖ్యస్థానమైనది. ఈ పేటల చదువుకథ మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. కార్ఖానాలో సుత్తిపట్టిన తాతకు వ్రాలు మాత్రము వచ్చును; తండ్రి పదవ తరగతి చదివి గుమాస్తా యయ్యెను; మనుమరాలు కళాశాలలో పాఠము చెప్పుచున్నది. ఇట్టి కుటుంబములు ఆ వీధులలో పెక్కు కనబడును. వీరు జమీందారులు కారు, పండిత వంశములవారును కారు. నెల తిరుగగనే జీతము, తలదాచుకొనుటకు క్వార్టరు, దగ్గఱనే బడి, జబ్బుచేసిన ఆసుపత్రి. ఈ నాలుగును తప్పక దొరకుటచేత పిల్లల చదువు నడుమ తెగలేదు. రెండు తరములలోనే పేట రూపు మాఱినది. చదువు కొన్ని కులములకే అబ్బునని పలుకువారు ఒకసారి లాలాగూడ వీధులలో తిరిగి రావలెను.

ఇంకను తూర్పునకు పోయినచో తార్నాక. ప్రక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయము. 1958లో కూనూరునుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చటనే యున్నది. రసాయనశాస్త్ర, జీవశాస్త్ర పరిశోధనాలయములును సమీపముననే కలవు. దేశమున ఇంతమంది శాస్త్రజ్ఞులు ఒక్కచో గుమిగూడిన పేటలు ఎక్కువ యుండవు. విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల రాతిభవనము 1939లో ప్రారంభమైనది. ఆ భవనమును చూచి యానందింపని వారుండరు. ఆ విశ్వవిద్యాలయమును ఆనుకొనియే మాణికేశ్వరినగరు కలదు. దానిని జనులు వడ్డెర బస్తీ యందురు. రాయి కొట్టుట వడ్డెరల కులవృత్తి. రాతిలో కట్టిన విద్యాలయము ఒక ప్రక్క, రాతిపనివారి పేరు మోసిన బస్తీ ఒక ప్రక్క. నడుమనున్న దూరము నడకకు కొద్ది నిముషములే. ఆ దూరమును చదువుతో దాటుటకు ఎన్ని కుటుంబములకో ఒక జీవితకాలము చాలలేదు.

మారేడుపల్లికిని అట్టి పొరుగే యున్నది. దాని ప్రక్కనే అడ్డగుట్ట. గుట్టమీదికి ఎక్కిన ఇరుకు సందులు, ఒకదాని భుజముమీద నొకటి నిలిచినట్లుండు ఇండ్లు. బేగంపేట మేడల ప్రక్కన రసూలుపురాయు నిట్టిదే. పాలమూరు మొదలగు జిల్లాలనుండి బ్రదుకు తెరువునకై వచ్చి ఇట్టి బస్తీలలో కుదురుకొన్నవారు పెక్కుమంది. 2011లో మహబూబునగరు జిల్లాలో అక్షరాస్యులు నూటికి 55 మందియే యని గుర్తుంచుకొన్నచో, వారు ఊరినుండి మూటలో ఏమి తెచ్చుకొనగలిగిరో, ఏమి తెచ్చుకొనలేకపోయిరో తెలియును. ఈ బస్తీలలోనివారే నగరమునకు గోడలు కట్టుదురు, వీధులూడ్తురు, మన యిండ్లలో అంట్లు తోముదురు.

మావంటి యిండ్లలో ఒక మాట తఱచుగా వినబడును: ‘వారికి చదువుమీద శ్రద్ధలేదు, బడి యున్నను పంపరు’ అని. మేము విచారించినంతలో ఈ మాట నిలువలేదు. అడ్డగుట్టలో నాలుగిండ్ల పాచిపని చేయు తల్లి తన సంపాదనలో నాలుగవవంతు కొడుకు ఇంగ్లీషు బడికి జీతముగా కట్టుచున్నది. మనలో ఎందఱము మన రాబడిలో నాలుగవవంతు చదువునకిచ్చుచున్నాము? శ్రద్ధ లేక కాదు. ఆ శ్రద్ధ కొడుకునకు చాలి, కూతుపాలికి రాక ఆగిపోవుచున్నది. కూతురు ఉచితపు బడిలో పేరు వ్రాయించుకొని, వారమునకు రెండు దినములు పోవుచుండెను. తాగుడు మగడు, చిన్నవయసు పెండ్లి మొదలగు కష్టములు ఆ సందులలో లేవని మేము చెప్పము. అవి యున్నవి. కాని ఈ బాలిక బడి మానుటకు కారణము వేఱుగా నుండెను.

ఆమెకు పదునొకండేండ్లు. చంకలో రెండేండ్ల తమ్ముడు. తల్లిని అడుగగా ఆమె యిట్లు చెప్పినది:

“నేను పొద్దుగాల ఆరు గొట్టంగనే పనికి వోవాలమ్మా. ఏడు గొట్టెవరకు మారేడుపల్లిల అంట్లు తోముడు గావాలె, లేకుంటె అమ్మగారు కోపం జేస్తరు. అంగన్‌వాడి అప్పటికి తెరవరు. పోరడిని ఎవలు జూడాలె? నేనొచ్చేసరికి బడి గంట కొట్టనే కొడ్తరు.”

సోదరీమణులారా, ఈ మాట మరియొకసారి చదువుడు. ఆ బాలిక బడి మానినది తండ్రి వలదనుటచేత కాదు, బడి దూరమగుటచేత కాదు, సొమ్ము లేకపోవుటచేతనైనను కాదు. మారేడుపల్లిలో నొక వంటయింట ఉదయము ఏడుగంటలకు గిన్నెలు శుభ్రముగా నుండవలసియున్నందున. పేటకును పేటకును నడుమ చదువులో గీచిన గీత ఎక్కడో ప్రభుత్వపు పటములలో లేదు. అది మన పెరటి తలుపునుండి పోవుచున్నది.

బడిలో చేరిన పిల్లల సంగతియైనను ఈ గీత యొద్దనే తేలుచున్నది. పగలు ఆఱేడు గంటలు ఒకే పాఠము, ఒకే ఉపాధ్యాయుడు. సాయంకాలము రెండవ బడి ఇంటిలో తెఱువబడును. ఒక పిల్లకు ఆ బడిలో పంతులమ్మ తల్లి. మఱొక పిల్లకు ఆ బడియే లేదు. 2020లో మహమ్మారి వచ్చి బడులు మూతపడినపుడు, సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శనములోను టీశాటులోను పాఠములు చెప్పిరి. అప్పుడు ఈ తేడా దాచుకొన వీలులేక బయటపడినది. ఒక్క ఫోను, ముగ్గురు పిల్లలు, ఆ ఫోనును తండ్రి పనికి తీసికొని పోవును. పాఠములో తెలియనిది చెప్పుటకు తల్లికి అక్షరము రాదు. 2022-23 నుండి ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమము వచ్చి, పుస్తకములో ఒక ప్రక్క తెలుగును ఒక ప్రక్క ఇంగ్లీషును అచ్చువేయుచున్నారు. తెలుగు చదువను వచ్చిన తల్లికి ఆ తెలుగు పుట మంచి యూత. ఏ పుటయు రాని తల్లికి రెండును ఒక్కటే.

అక్షరము రానిదాని కష్టము వీధిలోనికి వచ్చినను విడువదు. 2023 డిసెంబరునుండి తెలంగాణములో స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైనది. సికిందరాబాదు స్టేషను నొద్ద నిలిచి చూడుడు. బస్సు వచ్చిన ప్రతిసారియు ఇద్దఱు ముగ్గురు స్త్రీలు పరుగున పోయి, “అన్నా, గిది ఏడికి వోతది?” అని డ్రైవరు నడుగుదురు. ఆయన చెప్పునంతలో కూర్చుండుటకు చోటు పోవును. ఒక్కొక్కసారి బస్సే పోవును. టిక్కెట్టు సొమ్ము అడ్డము తొలగినది, పలకమీది అక్షరము అడ్డము తొలగలేదు.

ఇది నేటి విచారము మాత్రమే కాదు. నూఱేండ్లకు పూర్వమే ఈ జంటనగరములలో దీనికై శ్రమించిన మహానుభావులు కలరు. భాగ్యరెడ్డివర్మగారు 1910లో ఇసామియా బజారున ఆదిహిందువుల పిల్లలకై తెలుగు బడి పెట్టిరి. అది క్రమముగా పెక్కు బడులైనది. సికిందరాబాదున అరిగె రామస్వామిగారు అదే దారిని పనిచేసిరి. ఆ కృషికి తరువాతి తరమువారు టి.ఎన్. సదాలక్ష్మిగారు. ఆమె 1928లో ఈ యూరనే పేద దళిత కుటుంబమున జన్మించి, కీస్ బాలికోన్నత పాఠశాలలో చదివి, శాసనసభ్యురాలై, మంత్రిణియై, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతి యైరి. బస్తీ బాలికకు బడి తలుపు తెఱచినచో ఎంతదూరము పోగలదో చెప్పుటకు మనకు వేఱు దేశపు ఉదాహరణములు అక్కఱలేదు.

మన ప్రాచీన గ్రంథములలోను ఈ విషయమున నొక గొప్ప కథ కలదు. ఛాందోగ్యములో సత్యకాముడు గురుకులమునకు పోదలచి తన గోత్రమేమని తల్లి నడిగెను. తల్లి జబాల, యౌవనమున పలువురకు పరిచర్యలు చేయుచు తిరిగినదానను, గోత్ర మెఱుగనని ఉన్నదున్నట్లు చెప్పినది. కుమారుడును గౌతమునితో అట్లే చెప్పెను. గౌతముడు ఆ సత్యమును చూచి శిష్యునిగా గైకొనెను. ఈ కథను చదివి సత్యకాముని సత్యమును, గౌతముని ఔదార్యమును పొగడుదుము. జబాల పరిచర్యలు చేసిన యిండ్లలోని గృహిణుల సంగతి ఉపనిషత్తు చెప్పలేదు. ఆ పాత్ర నేడు మనది. మన యిండ్లలో పనిచేయు జబాలల బిడ్డలు గురుకులమునకు పోవుదురా లేదా యనునది కొంత మన చేతిలోను ఉన్నది.

కావున చేయదగిన పనులు నాలుగు మనవి చేయుదుము. పదునాలుగేండ్లలోపు పిల్లను ఇంటిపనికి పెట్టుకొనుట చట్టవిరుద్ధము. తల్లికి సాయముగా వచ్చినదను మిషయు పనికిరాదు. అట్టి పిల్లను పీట వేసి కూర్చుండబెట్టి రెండిడ్లీలు పెట్టుట దయయే కాని, బడికి పంపుట అంతకు మించిన దయ.

రెండవది చట్టపు సంగతి. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రకారము ఆఱు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు చదువు ఉచితము, నిర్బంధము. వయస్సు పత్రము లేదని గాని, వెనుకటి బడి కాగితము రాలేదని గాని చేర్చుకొనక పంపివేయరాదు. ఎన్నడును బడి మొగమెఱుగని పిల్లనైనను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొనవలెను. ఇల్లు మాఱుచుండు కూలివారికి ఈ సంగతి తెలియదు. కాగితము లేక తిప్పివేయుదురేమో యను భయముతో వారు బడి గడప ఎక్కరు. ఈ నాలుగు మాటలు వారికి చెప్పుటకు మనకు పట్టునది రెండు నిముషములు. పదునాలుగేండ్లు దాటినవారికి సార్వత్రిక విద్యాలయము కలదు. దినదినము బడికి పోకయే పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును.

మూడవది అన్నిటికంటె కష్టమైనది, అన్నిటికంటె ఫలమిచ్చునది. అదే పనివేళ మార్చుట. మారేడుపల్లిలో మేమెఱిగిన యొక గృహిణి ఉదయపు అంట్లను తొమ్మిదిన్నరకు మార్చినది. భర్త ఆఫీసు డబ్బాకును, పిల్లల ఫలహారమునకును కావలసిన నాలుగు గిన్నెలు రాత్రియే తాను కడిగి పెట్టుకొనును. మొదట వారము దినములు అత్తగారు సణిగిరి. తరువాత అలవాటైనది. పనిమనిషి చిన్నవానిని అంగన్‌వాడీలో దింపి, పెద్దపిల్లను బడికి పంపి, పిదప పనికి వచ్చుచున్నది. ఆ పిల్ల ఈ యేడు ఐదవ తరగతి తప్పక పోవుచున్నది. అందుకై ఆ యింటివారు జీతము పెంచలేదు, చందా యియ్యలేదు. నాలుగు గిన్నెలు కడిగిరి.

నాలుగవది తల్లికే అక్షరము నేర్పుట. దీనిని ‘అ ఆ’లతో మొదలుపెట్టి ఛందస్సువఱకు లాగనక్కఱలేదు. మేము నేర్పిన యొకామెను ముందేమి నేర్చుకొందువని యడుగగా, “నా పేరు, నా పోరి పేరు, బస్సు బోర్డు” అన్నది. ఆ వరుసనే నేర్పితిమి. మూడు నెలలకు బడివారి చీటీమీద వేలిముద్ర మాని వ్రాలు చేసినది. అక్షరములు వంకరలే. ఆ చీటీని కూతురు తరగతిలో పదిమందికి చూపినదట.

పేటలకు నడుమ తేడాలు ఒక్కనాట పుట్టలేదు, ఒక్కనాట పోవు. మంచి జీతము, నిలుకడయైన ఇల్లు, దగ్గఱ బడి వచ్చినచో రెండు తరములలో పోవునని లాలాగూడ చూపుచున్నది. వానిని కలిగించుట ప్రభుత్వము పని. అడుగుట పౌరులందఱి పని. కాని ఉదయము ఏడుగంటల గిన్నెల సంగతి ఏ ప్రభుత్వమును నిర్ణయింపలేదు. అది మన యింటి శాసనము. దానిని మార్చుటకు మన యింటిలో మనమే చాలుదుము. వచ్చు జూనులో బడులు తెఱచులోపల ప్రతి సోదరియు తన యింట పనిచేయునామెను, “నీ బిడ్డ ఏ బడి? నీవు ఏవేళకు వచ్చినచో అది బడికి పోగలదు?” అని యడుగవలెనని మా ప్రార్థన.